చేతకాని బొమ్మలు కూడా కావాలి

తోలుబొమ్మలాట మాటెత్తితే మా ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పెద్దమనుషులందరిదీ ఒకే రాగం. కళ అంతరించిపోతోంది, దాన్ని నిలబెట్టాల్సింది తరతరాలుగా ఆడించే వంశాలవాళ్ళే, మన వంతుగా వాళ్ళకొక శాలువ కప్పి, ఒక తోలు దీపం కొని హాల్లో వేలాడదీస్తే సరి. ఆ వంశం కానివాడు ఎవడైనా సాయంత్రాలు మిద్దె మీద కూర్చుని తోలు గీకుతుంటే మాత్రం వాడు పనీపాటా లేనివాడు. కాస్త చదువుకున్నవాళ్ళైతే కళను పలచన చేస్తున్నాడని కూడా అంటారు. మా ప్రొద్దుటూరులో ఇంకో ప్రశ్న అదనం: "దీంట్లో ఏం మిగుల్తుంది బ్బా?" బంగారం వ్యాపారంతో బతికే ఊరు, ఆ మాత్రం అడుగుతుంది. దానికి నాకు కోపం లేదు. కోపమంతా ఆ శాలువల మాట మీదే.

వంశం సంగతి ముందు తేల్చుకుందాం. పులివెందుల నియోజకవర్గంలోనే, చక్రాయపేట మండలంలో సురభి అనే పల్లె ఉంది. 1885లో వనారస గోవిందరావు బృందం అక్కడ కీచకవధ ఆడింది. సురభి నాటకాల పుట్టుక అదే. అంతకు ముందు ఆ కుటుంబాలవాళ్ళు ఇంట్లో మరాఠీ మాట్లాడుకుంటూ, ఊరూరా తిరిగి తెలుగులో తోలుబొమ్మలాడించేవాళ్ళు. తెర వెనకుండే మనుషులు తెర ముందుకొచ్చి రంగు పూసుకున్నారు. మీ తాతలు నటులు కారు కదా, మీకెందుకీ వేషాలు అని ఆనాడు ఎవరైనా గద్దించి కూర్చోబెట్టి ఉంటే తెలుగు నాటక చరిత్రలో సగం ఉండేది కాదు. బొమ్మలవాళ్ళు నాటకంలోకి రావచ్చు గానీ, ఏ బడిపంతులో బొమ్మల్లోకి పోకూడదా?

జపాన్‌లో బున్రాకు అనే బొమ్మలాట ఉంది. ఒక్క బొమ్మను ముగ్గురు పట్టుకుని ఆడించే కష్టమైన విద్య. ఆడేవాళ్ళు తగ్గిపోతుంటే 1972లో అక్కడి జాతీయ రంగస్థలం శిక్షణ తరగతులు పెట్టి, ఈ విద్యతో ఏ బంధుత్వమూ లేని కుర్రాళ్ళను చేర్చుకుంది. ఇవాళ ఆ వేదిక మీద కనిపించేవాళ్ళలో దాదాపు సగం మంది అలా వచ్చినవాళ్ళే. కళేమీ పలచన కాలేదు.

ఇక తోలు దీపాల సంగతి. ధర్మవరం దగ్గరి తోలుబొమ్మల ఊరు నిమ్మలకుంట మనకు పరాయిది కాదు. పులివెందుల నుంచి కదిరి మీదుగా పోయి రావచ్చు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ ఊళ్ళో పొయ్యి వెలుగుతోందంటే దీపాల తొడుగులు, గోడ బొమ్మలు అమ్ముడుపోవడం వల్ల. వాటిని చేసేవాళ్ళను తప్పుపట్టే నోరు నాకు లేదు. కానీ దీపం తొడుగు చేయి ఊపదు. ఆటలో నవ్వించే బొమ్మలు బంగారక్క, జుట్టుపోలిగాడు ఒకరినొకరు తిట్టుకుంటుంటే ఊరంతా పడీ పడీ నవ్వడం అనేది హాల్లో వేలాడే వస్తువుతో అయ్యే పని కాదు. తోలు పని మిగిలింది. ఆట పోతోంది. ఆట పోవడానికి సినిమాను, టీవీని తిడతాం, అదీ నిజమే. అంతకంటే పెద్ద కారణం, చూసేవాడికి బాగోగులు తెలియకపోవడం.

పద్యనాటకాన్ని చూడండి. రాయలసీమ పల్లెల్లో అది ఇన్నాళ్ళు నిలబడింది పేరున్న సమాజాల వల్ల మాత్రమే కాదు. పగలు సేద్యం చేసి, అంగడి నడిపి, రాత్రి హార్మోనియం ముందు గొంతు చించుకున్నవాళ్ళ వల్ల. వాళ్ళలో చాలామందికి పద్యం సరిగ్గా వచ్చేది కాదు. కానీ తనకు రానిది ఎదుటివాడు పలికిస్తే ఎక్కడ "వన్స్ మోర్" అనాలో వాళ్ళకు తెలుసు. తోలుబొమ్మకు ఆ బలగం లేదు. తెర వెనక ఆడించేవాడు ఎంత గొప్ప పని చేసినా "బాగుందప్పా" అని లేచిపోయే జనమే మిగిలారు.

ఆ బలగం ఎలా తయారవుతుందంటారా? ఒకసారి మేకతోలు ఇంటికి తెచ్చి చూడండి. నానబెట్టి, వెంట్రుకలు గీకి, చెక్క మీద మేకులతో బిగదీసి ఆరబెట్టాలి. మా ఎండలకు తోలు అంచులు అప్పడంలా ముడుచుకుపోతాయి. వాసనకు పక్కింటి మిద్దె మీంచి తిట్లు, కింద కుక్కల కాపలా. అన్నీ దాటి తోలు పలచబడి వెలుతురు లోపలికి దిగిన రోజున ఆ తిట్లేవీ గుర్తుండవు. తర్వాత చిల్లులు. కంకణం, వడ్డాణం, కిరీటం, అన్నీ ఉలి దెబ్బలే. మా ఊరి బంగారం అంగట్లో నగ అంటే లోహం. తోలుబొమ్మకు నగ అంటే తోలు లేని చోటు. రెండు చిల్లుల మధ్య వెంట్రుకవాసి కూడా మిగల్చకపోతే వడ్డాణం మొత్తం చిరిగి చేతికొస్తుంది. రంగుల దగ్గర ఇంకో మోసం. కొత్తవాడు కనబడిన పోస్టర్ రంగు దట్టంగా పూస్తాడు. చేతిలో నీలంగా నిగనిగలాడిన రాముడు తెర వెనక దీపం పెట్టగానే కాటుక ముద్దవుతాడు. వెలుతురును లోపలికి రానిచ్చే పలచటి రంగే కావాలి, అదీ రెండు వైపులా పూయాలి.

అన్నిటికంటే ఏడిపించేది మోచెయ్యి. జమ్మలమడుగులో లెక్కల పంతులు ఒకాయన నా జతగాడు. రెండు ముక్కలు కలిపే ఆ దారం ముడి దగ్గరే ఆయన నెలల తరబడి కొట్టుకున్నాడు. బిగిస్తే బొమ్మ చేయి కర్రలా నిలబడుతుంది, వదులు చేస్తే పక్షవాతం వచ్చినట్టు వేలాడుతుంది. ఇప్పటికీ ఆయన భీముడు గద ఎత్తితే అది ఈగను తోలినట్టే ఉంటుంది. అయితే ఈ మధ్య ఒక మేళం ఆడిస్తుంటే ఇద్దరం చూశాం. ద్రౌపది చేయి అలా లేచి, ఒక్క క్షణం ఆగి, మొహం మీదికి వచ్చింది. పంతులు నా మోకాలి మీద గట్టిగా చరిచాడు. చుట్టూ ఉన్నవాళ్ళకు ఎందుకో అర్థం కాలేదు.

ఇలా నేర్చుకునేవాళ్ళు వంశవృత్తి వాళ్ళ కడుపు కొడతారన్న వాదన కూడా ఉంది. పంతులు భీముణ్ణి కొనేవాడెవడు? ఇంట్లోవాళ్ళే పెట్టెలో పెట్టి మూసేశారు. మంచి బొమ్మకు బేరమాడకుండా డబ్బిచ్చేది తాను చేయబోయి ఓడిపోయినవాడే. ఆ ధరలో ఎంత నడుం నొప్పి ఉందో వాడికి తెలుసు. బేరమాడేది శాలువ కప్పినవాళ్ళు.

కళను నిలబెడతామనే పెద్దలకు నాదొక లెక్క. రెండు సినిమా పాటల మధ్య అరగంట కాదు, ఒక మేళాన్ని రాత్రంతా ఆడనివ్వండి. మర్నాడు ఆ కళాకారులను బడిలో కూర్చోబెట్టి, పిల్లల చేత ఒక్క చేయి కోయించి ముడి వేయించండి. రెండు పనులకూ విడివిడిగా కూలి ఇవ్వండి. శాలువ ఖర్చుతో ఇది కాదంటారా, నిజమే. సన్మానసభకు వేసే షామియానా, ఫ్లెక్సీల ఖర్చు చాలు.