పిల్లల పాటకు పూర్తి గొంతు

1985 జనవరిలో లౌడ్‌నెస్ అనే జపాన్ హెవీ మెటల్ బృందం 'థండర్ ఇన్ ది ఈస్ట్' ఆల్బమ్ తెచ్చింది. అది అమెరికా బిల్‌బోర్డ్ పట్టికకెక్కింది. గిటారిస్టు అకిరా తకసాకి, డ్రమ్మర్ మునెతకా హిగుచి పేర్లు సముద్రాల అవతలి రాక్ అభిమానులకు కూడా తెలిశాయి. ఆ మరుసటి నెలలోనే జపాన్ టీవీలో ఒక పిల్లల సీరియల్ మొదలైంది. రంగురంగుల తొడుగులు వేసుకున్న అయిదుగురు వీరులు రాక్షసులతో తలపడే ఆ సీరియల్ పేరు 'డెంగెకి సెంతాయ్ చేంజ్‌మ్యాన్'. టైటిల్ పాట పాడిన గాయకుడి పేరు 'కాగె' అని మాత్రమే వేశారు. ఆ గాయకుడు హిరోనోబు కాగెయామా. నాలుగేళ్ల కిందటి వరకూ తకసాకి, హిగుచిలతో ఒకే వేదికపై పాడినవాడు.

ఆనాటి లెక్కల్లో ఇది పతనమే. స్నేహితులు అమెరికా చేరారు, ఇతను పిల్లల సీరియల్‌కు వచ్చాడు. అయితే కాగెయామా సారథ్యంలోని జామ్ ప్రాజెక్ట్ అనే గాయకుల బృందం పాతికేళ్లు పూర్తిచేసుకున్న ఈ వేళ, అతని ప్రయాణాన్ని మొదటి నుంచి ఒకసారి చూస్తే ఆ లెక్క ఎంత తప్పో తెలుస్తుంది. చిన్నదని నలుగురూ అనుకున్న పనికి అతను తన గొంతులో ఒక్క పిసరు కూడా దాచుకోకుండా ఇచ్చాడు. వింటున్నది ఆరేళ్ల పిల్లవాడు కదా అని పాటను పలచన చేయలేదు. ఆ పిల్లలు పెద్దవాళ్లయి, తమ పిల్లల్ని వెంటబెట్టుకుని ఇవాళ అతని కచేరీలకు వస్తున్నారంటే కారణం ఇదేనని మా నమ్మకం.

కాగెయామా 1961లో ఒసాకాలో పుట్టాడు. స్కూలు రోజుల్లో స్నేహితులతో కట్టిన బృందానికి డీప్ పర్పుల్ పాట ఒకదాని పేరు తీసుకుని 'లేజీ' అని పెట్టుకున్నారు. పేరులోనే వాళ్ల ఆశ తెలుస్తోంది. 1977లో మొదటి రికార్డు వచ్చేనాటికి కాగెయామా వయసు 16. కానీ కంపెనీ వాళ్లకు కావలసింది గట్టి రాక్ బృందం కాదు. ఈ కుర్రాళ్లకు ముద్దు పేర్లు తగిలించి, మెరిసే దుస్తులు తొడిగి, అమ్మాయిల గదుల్లో పోస్టర్లుగా వేలాడే ఐడల్ బృందంగా తయారుచేశారు. కాగెయామాకు పెట్టిన పేరు మిషెల్. 1978లో ఒక పాట బాగా ఆడింది కూడా. లోపల మాత్రం అసంతృప్తి పెరుగుతూ వచ్చింది. 1980లో తమకిష్టమైన బరువైన సంగీతంతో ఒక ఆల్బమ్ చేశారు, ఆ మరుసటి ఏడాది విడిపోయారు. తకసాకి, హిగుచి లౌడ్‌నెస్ స్థాపించారు. కీబోర్డు వాయించే షున్‌జి ఇనొవె పేరు ఈ కథలో మళ్లీ వస్తుంది. గాయకుడు ఒంటరిగా మిగిలాడు.

సోలో రికార్డులు అమ్ముడుపోలేదు. ఒకప్పుడు కేకలతో హాళ్లు దద్దరిల్లిన గాయకుడు చిన్న చిన్న లైవ్ హౌస్‌లలో పాడుతూ కాలం నెట్టుకొచ్చాడు. సరిగ్గా అలాంటి దశలో వచ్చిందే చేంజ్‌మ్యాన్ అవకాశం.

ఆ రోజుల్లో ఇటువంటి పాటలకు సంగీత పరిశ్రమలో ఉన్న స్థానం ఏమిటో తెలిస్తే గానీ ఈ మలుపు బరువు అర్థంకాదు. యానిమే అనే జపాన్ బొమ్మల సీరియళ్ల, పిల్లల సీరియళ్ల పాటలు రికార్డు దుకాణంలో పిల్లల అరలో ఉండేవి. గాయకుడికి చాలాసార్లు ఒకేసారి ముట్టజెప్పే మొత్తమే తప్ప, అమ్మకాల్లో వాటా ఉండేది కాదు. కామెన్ రైడర్, గాచమాన్ పాటలతో పేరుపొందిన మసాతో షిమోన్ 1975లో ఒక పిల్లల టీవీ కార్యక్రమానికి చేప ఆకారపు తీపి రొట్టె మీద పాట పాడాడు. అది 45 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడుపోయి జపాన్ చరిత్రలో అతిపెద్ద సింగిల్‌గా నిలిచింది. షిమోన్‌కు ఆ పాటకు ముట్టినది 50 వేల యెన్‌లు. దేశమంతా పాడుకున్న పాటకు గొంతునిచ్చినవాడికి దక్కిన విలువ అది. రాక్ గాయకుడిగా గుర్తింపు కోరుకునే యువకుడు అటువంటి చోటికి వెళ్లడమంటే మెట్టు దిగడమేనని అందరూ అనుకునేవారు.

కాగెయామా అలా అనుకోలేదు. లేదా, అనుకున్నా పాటలో కనబడనివ్వలేదు. చేంజ్‌మ్యాన్ పాటలో వినిపించేది లేజీలో చివరికాలంలో పాడాలని తపించిన గొంతే. పై స్థాయిలో చీలకుండా నిలబడే స్వరం, మాట మొదట్లో చెళ్లుమనే విరుపు. ఆ తరువాత 1987లో మాస్క్‌మ్యాన్, 1988లో సెయింట్ సెయా సీరియళ్ల పాటలు వచ్చాయి.

యానిమే టైటిల్ పాటకు టీవీలో దొరికేది దాదాపు 90 సెకన్లు. ఇంత ఇరుకులో పల్లవి, చరణం, ఎత్తుగడ, ముగింపు అన్నీ ఇమడాలి. కథ ఇంకా మొదలు కాలేదు. వీరుడెవరో, అతనికి ఎదురయ్యే ముప్పు ఏమిటో, ఇది నవ్వించే కథో ఏడిపించే కథో పాటే ముందుగా చెప్పేయాలి. పక్కగదిలో ఆడుకుంటున్న పిల్లవాడు మొదటి రెండు సెకన్లు వినగానే టీవీ దగ్గరికి పరుగెత్తుకు రావాలి. చాలాసార్లు గాయకుడు పాడేనాటికి బొమ్మలు కదలడం మొదలే కాదు. చేతిలో ఉండేవి కథా సారాంశం, కొన్ని పాత్రల చిత్రాలు. మన నేపథ్య గాయకుడికి తెరమీది నటుడి నడక, మాట తెలుసు, వాటికి తగ్గట్టు గొంతు మలుచుకుంటాడు. ఇక్కడ నటుడే లేడు. గీసిన గీతకు ప్రాణం ఉందని మొదట గాయకుడు నమ్మాలి, ఆ తరువాతే పిల్లవాడు నమ్ముతాడు. నమ్మనివాడు పాడితే పిల్లలు వెంటనే పట్టేస్తారు.

1989 ఏప్రిల్ 26న ఫుజి టీవీలో 'డ్రాగన్ బాల్ జీ' మొదలైంది. అకిరా తోరియామా బొమ్మల కథకు అప్పటికే మూడేళ్లుగా ప్రేక్షకులున్నారు. చిన్న పిల్లవాడైన కథానాయకుడు గోకు పెద్దవాడై, తండ్రి కూడా అయ్యే ఘట్టం ఇది. దానికి కొత్త పాట కావాలి. యుకినోజో మోరి మాటలు రాశాడు, చిహో కియోకా బాణీ కట్టింది, కెంజి యమమోతో వాద్య రచన చేశాడు. ఆ పాటే 'చా-లా హెడ్-చా-లా'. పేరులోని 'హెడ్-చా-లా'లో లెక్కలేదు, పరవాలేదు అనే అర్థమిచ్చే 'హెచ్చరా' అన్న జపాన్ మాట వినబడుతుంది, మిగతాది నోటికి హాయిగా తగిలే చప్పుడు. భూమి బద్దలయ్యే యుద్ధాల కథకు ఇంత తేలికైన పాటేమిటని అనిపిస్తుంది. ఆ తేలికదనంలోనే గోకు స్వభావమంతా ఉంది. ఎదుట ఎంత బలవంతుడున్నా భయం కన్నా కుతూహలం ముందుండే మనిషి అతను. కాగెయామా ఆ పాటను బరువుగా పాడి ఉంటే పోయేది. నవ్వు ముఖంతో పాడుతూనే పై స్వరాల్లో రాక్ గాయకుడి పదును నిలిపాడు. ఈ సమతూకం కుదరడం ఎంత కష్టమో ఆ పాటను తరువాత ఎంతోమంది పాడగా విన్నవారికి తెలుసు. 199 భాగాల వరకు ఆ పాటే నడిచింది. తరువాత 'వీ గాటా పవర్' కూడా అతనే పాడాడు. 1996 జనవరిలో ధారావాహిక ముగిసేదాకా వారం వారం జపాన్ ఇళ్లలో వినబడిన గొంతు అతనిది.

విదేశాల్లో ఆ గొంతుకు పట్టిన గతి ఒక్కో చోట ఒక్కోలా ఉంది. లాటిన్ అమెరికాలో ఆ పాటను స్పానిష్, పోర్చుగీస్ భాషల్లో పాడించి బాణీని అలాగే ఉంచారు. బ్రెజిల్‌లో అంతకుముందే చేంజ్‌మ్యాన్ ఒక తరాన్ని ఊపేసింది. కాగెయామా అక్కడికి వెళ్లినప్పుడు వేలమంది అతని వెంట పాడారు. అమెరికా ప్రసారంలో మాత్రం చాలాకాలం ఆ పాటను తీసేసి కొత్త సంగీతం పెట్టారు. ఆ బొమ్మలను ఇంగ్లిష్ మాటలతో చూస్తూ పెరిగిన మన కుర్రకారులో చాలామందికి గోకు తెలుసు గానీ గోకుకు పాట పాడినవాడు తెలియదు.

తొంభైలలో జపాన్‌లో ఒక మార్పు వచ్చింది. 1983లోనే 'క్యాట్స్ ఐ' పాటతో గాయని అన్రి జపాన్ పాటల అమ్మకాల పట్టిక ఒరికాన్‌లో మొదటి స్థానానికి వెళ్లినప్పుడు రికార్డు కంపెనీలకు ఒక సంగతి తెలిసింది. యానిమే ముందు పాట పెడితే వారం వారం ఉచితంగా ప్రచారం దొరుకుతుంది. తరువాతి పదేళ్లలో కంపెనీలు తమ పాప్ బృందాల పాటలను తెచ్చి యానిమేలకు అతికించడం మామూలైపోయింది. 'రురౌని కెన్షిన్' కత్తి యోధుడి కథకు జూడీ అండ్ మేరీ బృందం పాడిన 'సోబకసు' మంచి పాటే. కానీ కథకూ పాటకూ సంబంధం వెతకాలి. పాట బాగుంటే చాలదా అని అడగవచ్చు. చాలదు. వీరుడి పేరును గొంతెత్తి పిలిచే పాటకు, ఆ కథ కోసమే పుట్టిన మాటకు పిల్లల మనసులో ఉండే చోటును అద్దె పాట భర్తీ చేయలేదు. ఆ కథల కోసమే జీవితమంతా పాడిన గాయకులకు పని తగ్గిపోవడం దీని రెండో ఫలితం.

దానికి జవాబుగా వచ్చిందే జామ్ ప్రాజెక్ట్. 1972లో 'మజింగర్ జెడ్' పాటతో ఈ రంగానికి పెద్దన్నగా నిలిచిన ఇచిరో మిజుకి, యానిమే పాట ఆత్మ పోకుండా కాపాడుకోవాలని పిలుపిచ్చాడు. 2000 జూలైలో అయిదుగురు కలిశారు. మిజుకి, కాగెయామా, మసాకి ఎండో, ఎయ్‌జో సకమోతో, 'పోకెమాన్'లో సతోషికి గొంతునిచ్చి పాట కూడా పాడిన రికా మత్సుమోతో. తరువాత 'వన్ పీస్' మొదటి పాట పాడిన హిరోషి కితదాని, 'ఉతేనా' గాయని మసామి ఒకుయి, 'మాక్రాస్ 7' వీరుడికి పాట గొంతైన యోషికి ఫుకుయామా వచ్చి చేరారు. బ్రెజిల్ నుంచి రికార్డో క్రూజ్ అనే అభిమానే గాయకుడై వచ్చాడు. వీరి రికార్డులు విడుదల చేసింది 1999లో మొదలైన లాంటిస్ అనే సంస్థ. దాన్ని స్థాపించినవారిలో ముఖ్యుడు షున్‌జి ఇనొవె, లేజీలో కీబోర్డు వాయించిన ఆ పాత మిత్రుడే. ఒకప్పుడు కంపెనీ చెప్పినట్టు ఆడిన కుర్రాళ్లు ఇరవై ఏళ్ల తరువాత తమ కంపెనీలో తమ పాట తామే పాడుకున్నారు.

బృందానికి సారథి అయ్యాక కాగెయామాలో మరో మనిషి బయటపడ్డాడు. బృందం పాటల్లో చాలావాటికి బాణీ, మాట అతనివే. అయిదు పెద్ద గొంతులను ఒకే పాటలో ఇమడ్చడం తేలిక కాదు. ప్రతివారికీ ఒక పంక్తి వెలగాలి, అందరూ కలిసినప్పుడు ఎవరి గొంతూ మరొకరిని మింగకూడదు. 'సూపర్ రోబోట్ వార్స్' ఆటల కోసం చేసిన 'స్కిల్', 'గాంగ్' పాటల్లో ఈ కూర్పు వినబడుతుంది. 2015లో 'వన్ పంచ్ మ్యాన్' కోసం పాడిన 'ది హీరో' కొత్త తరాన్ని వారి దగ్గరికి తెచ్చింది. అప్పటికి కాగెయామాకు 54 ఏళ్లు. 2020లో ఇరవై ఏళ్ల పండుగ పర్యటన కరోనాతో ఆగిపోయింది. ఆ మరుసటి ఏడాది వారి మీద వచ్చిన డాక్యుమెంటరీ సినిమా చూస్తే, వయసు మీద పడుతున్న గాయకులు పై స్వరాన్ని నిలుపుకోవడానికి పడే శ్రమ ఎంతటిదో తెలుస్తుంది.

2022 డిసెంబర్ 6న మిజుకి వెళ్లిపోయాడు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోరాడుతూ, మరణానికి తొమ్మిది రోజుల ముందు చక్రాల కుర్చీలో వేదికకెక్కి పాడాడు. ఆ తరం ఈ పనిని ఎలా చూసిందో చెప్పడానికి ఇంతకన్నా వేరే సాక్ష్యం అక్కర్లేదు.

వారు పోరాడినదానికి ఫలం దక్కిందా? 2019లో 'డీమన్ స్లేయర్' కోసం లిసా పాడిన 'గురెంగె' వినండి. పాట మాటలు ఆమే రాసింది. అది పెద్ద మార్కెట్ పాటే, అయినా చెల్లెలిని కాపాడుకునే అన్న కథ ప్రతి మాటలో ఉంది. 'డీమన్ స్లేయర్' సినిమాకు ఆమె పాడిన 'హొమురా'కు 2020లో జపాన్ రికార్డ్ అవార్డుల అత్యున్నత పురస్కారం లభించింది. పిల్లల అరలో మొదలైన పాట అక్కడిదాకా వెళ్లింది. లిసా ఒక్కతే ఆ దారి వేయలేదు. 50 వేల యెన్‌లు తీసుకుని ఇంటికెళ్లిన షిమోన్, మిజుకి, మారుపేరుతో పాడిన కాగెయామా ముందు నడిచారు.

2025 సెప్టెంబర్‌లో 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాజిల్' తెలుగు మాటలతో మన థియేటర్లకు వచ్చింది. లిసా, మరో గాయని ఎయిమర్ పాటలు హైదరాబాద్, విజయవాడ ప్రేక్షకులూ విన్నారు. ఇక ముందు యానిమే తెలుగులో మరింతగా రాబోతోంది. ఓటీటీలలో మాత్రం భాగం మొదలవగానే తెర మూలన ఇంట్రో దాటించే బొత్తం వచ్చి కూర్చుంటుంది, చివర పేర్లు పడేలోపే తరువాతి భాగం మొదలైపోతుంది. పాట దాటాలా వద్దా అన్నది చూసేవారి ఇష్టం. గాయకుడి పేరు, గీత రచయిత పేరు, తెలుగు మాటలు రాసినవారి, గొంతులిచ్చినవారి పేర్లు దాటించడం మాత్రం ఎవరి ఇష్టానికీ వదిలేయకూడదు. తెలుగు అనువాదాలు తెస్తున్న సంస్థలు ఆ పేర్లను మొదట్లోనే, తెలుగు లిపిలో, చదవగలిగే వేగంతో వేయాలి. కొత్తగా తెలుగు టైటిల్ పాట చేయించదలిస్తే ఆ గాయకుడికి అమ్మకాల్లోనూ వీక్షణల్లోనూ వాటా రాసి ఇవ్వాలి, ముట్టజెప్పి పంపేయకూడదు. కథ చదివి, ఆ కథ కోసమే రాసే గీత రచయితలు మనకున్నారు, వారిని పిలవాలి.