వాట్స్ సరే, వేడి సంగతేంటి?

కొత్త ఫోన్ లాంచ్ అయితే చాలు, అందరి కళ్లూ వాట్స్ మీదే. 67, 100, 120... నంబర్ ఎంత పెద్దదైతే అంత హైప్. నన్నడిగితే, రివ్యూల్లో దాని పక్కనే ఇంకో నంబర్ కూడా ఉండాలి: ఛార్జింగ్ టైమ్‌లో బ్యాటరీ టెంపరేచర్. ఎందుకో ఇంటర్‌కల్లా మనమంతా చదివేసిన రెండు ఈక్వేషన్లే చెప్పేస్తాయి.

మొదటిది జూల్ సూత్రం. పుట్టే వేడి = కరెంట్ వర్గం × రెసిస్టెన్స్ × టైమ్. కరెంట్ డబుల్ అయితే సెకనుకి పుట్టే వేడి నాలుగు రెట్లు! అందుకే చాలా ఫాస్ట్ ఛార్జింగ్ ఫోన్లలో ఒక పెద్ద సెల్ బదులు రెండు చిన్న సెల్స్‌ని సిరీస్‌లో పెడతారు. వోల్టేజ్ రెట్టింపు అవుతుంది కాబట్టి అదే పవర్‌కి సగం కరెంట్ చాలు. కనెక్టర్లు, వైర్లలో వేడి నాలుగో వంతుకి పడిపోతుంది.

రెండోది 1889 నాటి అర్హీనియస్ సమీకరణం. ఇందులో టెంపరేచర్ ఘాతంలో ఉంటుంది. అంటే వేడి కాస్త పెరిగినా రియాక్షన్ స్పీడ్ బాగా పెరుగుతుంది. మామూలు టెంపరేచర్లలో చాలా రియాక్షన్లకి ప్రతి 10 డిగ్రీలకీ దాదాపు రెట్టింపు. బ్యాటరీ కెపాసిటీని తినేసే సైడ్ రియాక్షన్లూ వేడికి ఇలాగే స్పీడందుకుంటాయి.

అలాగని చల్లగా ఉంటే చాలు అనుకోవద్దు. సున్నా డిగ్రీల కింద ఛార్జ్ చేస్తే ఆనోడ్ మీద లిథియం లోహం పేరుకుపోతుంది. కానీ మన మే నెల ఎండల్లో ఆ భయం లేదు, భయమంతా వేడితోనే.

కాబట్టి "20 నిమిషాల్లో ఫుల్" అని చెప్పే ప్రతి కంపెనీ ఆ 20 నిమిషాల టెంపరేచర్ గ్రాఫ్ కూడా చూపించాలి. అప్పటిదాకా, తొందర లేనప్పుడు స్లో ఛార్జరే బెటర్.