పదవి ఆఖరున వచ్చింది, పని ముందే మొదలైంది

పోస్టు కొంచెం పెద్దదే. తిట్టాలనిపించినా పూర్తిగా చదివి తిట్టండి.

మన గ్రూపుల్లో ఒక రకం పోస్టు తెగ తిరుగుతుంది. ఒక ఫొటో, పక్కన పూలదండ బొమ్మ, కింద రెండు లైన్లు. కడు పేదరికంలో పుట్టి, కష్టపడి చదివి, ఈరోజు ఉన్నత స్థానంలో ఉన్నారు, మనందరికీ ఆదర్శం. దాని కింద వరసగా దండాలు. ఆ మనిషి ఎవరి కోసం ఏం చేశారో ఒక్క ముక్క ఉండదు. అడిగినోడు ఓర్వలేనోడు అవుతాడు.

ఆ మూసలో పోస్తే మార్లీన్ బాస్టియన్ జీవితం కూడా రెండు లైన్లే. హైతీ పల్లెలో పుట్టింది, అమెరికా వెళ్లింది, 2022లో మయామి-డేడ్ కౌంటీ కమిషనర్‌గా గెలిచింది. దండం పెట్టు, పైకి జరుపు, అయిపోయింది.

మేం హాస్టల్ పిల్లలం చెప్పేది ఒక్కటే. ఆమె అమెరికాలో అడుగుపెట్టింది 1981లో. గెలిచింది 2022లో. మధ్యలో 41 ఏళ్లున్నాయి. ఆ 41 ఏళ్లను మింగేసి ఆఖరి కుర్చీకి దండ వేసే అలవాటు మన జాతికి మంచిది కాదు. ఎందుకో చెప్తాం.

మనకు కమిషనర్ అంటే పెద్ద ఆఫీసరు గుర్తొస్తాడు. అక్కడ అలా కాదు. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. కమిషనర్ అంటే మన జెడ్పీటీసీ మెంబరు లాగా ఒక ఏరియా నుంచి ఓట్లతో గెలిచిన మనిషి. మయామి-డేడ్‌లో అలాంటోళ్లు 13 మంది. వాళ్లలో రెండో డిస్ట్రిక్ట్ ఆమెది.

ఇప్పుడు మొదటి నుంచి చూద్దాం. హైతీ కరీబియన్ సముద్రంలో చిన్న దేశం. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన జనం ఫ్రెంచి దొరల మీద తిరగబడి 1804లో స్వాతంత్ర్యం తెచ్చుకున్న నేల. దానికి ప్రతీకారంగా ఫ్రాన్స్ 1825లో యుద్ధ ఓడలు పంపి 15 కోట్ల ఫ్రాంకుల పరిహారం రాయించుకుంది. అంటే బానిసలే తమ యజమానులకు నష్టపరిహారం కట్టారు. ఆ అప్పు తరతరాలు తిన్నది. తర్వాత 1957 నుంచి 1986 దాకా దువాలియే తండ్రీకొడుకుల నియంతృత్వం. ఆ భయానికి, ఆ ఆకలికి జనం చిన్న చిన్న పడవలెక్కి ఫ్లోరిడా ఒడ్డుకు పారిపోయారు.

బాస్టియన్ ఆ హైతీలో పాన్ బెన్వా అనే ఊళ్లో పుట్టింది. ఆమె మయామి చేరిన 1981 ఎలాంటి ఏడాదో తెలుసుకోవాలి. సెప్టెంబరులో అధ్యక్షుడు రీగన్, హైతీ పడవల్ని సముద్రంలోనే ఆపి వెనక్కి పంపమని ఆదేశం ఇచ్చాడు. అక్టోబరులో ఒక పడవ మునిగి 33 మంది హైతీయులు ఫ్లోరిడా ఒడ్డు దగ్గరే చచ్చిపోయారు. తర్వాతి పదేళ్లలో సముద్రంలో పట్టుకున్న ఇరవై వేల పైచిలుకు మందిలో, ఆశ్రయం అడగడానికి అమెరికా నేల మీదికి రానిచ్చింది ముప్పై మందిని కూడా కాదు. అదే కాలంలో క్యూబా నుంచి వచ్చినోళ్లకు 1966 నాటి ప్రత్యేక చట్టం కింద శాశ్వత నివాసం దొరికేది. సముద్రం ఒక్కటే, పడవలు ఒక్కలాంటివే, చట్టాలు మాత్రం రెండు.

ఇరవైల్లో ఉన్న అమ్మాయి, కొత్త దేశం, కొత్త భాష. మన లెక్కలో అయితే ఏం చెయ్యాలి? తల వంచుకుని తన పని తాను చూసుకోవాలి. ముందు సెటిల్ అవ్వాలి. ఆమె మాత్రం వచ్చిన కొత్తలోనే మయామిలో ఫాదర్ జెరార్ జాన్-జూస్ట్ నడిపే హైతీ శరణార్థుల కేంద్రానికి వెళ్లి పనిలో చేరింది. ఆ కేంద్రం ఉత్త అన్నదానం చేసే చోటు కాదు. 1980లో అది నడిపిన కేసులోనే, నాలుగు వేల పైచిలుకు హైతీయుల దరఖాస్తుల్ని ప్రభుత్వం కావాలని వివక్షతో తోసేసిందని ఫెడరల్ జడ్జి జేమ్స్ లారెన్స్ కింగ్ తీర్పిచ్చాడు. చిత్తడి అడవి అంచున, పాత క్షిపణి స్థావరంలో పెట్టిన క్రోమ్ నిర్బంధ కేంద్రంలో ఉన్న వాళ్ల తరఫున మాట్లాడటం, వాళ్ల మాటను కాగితం మీద పెట్టడం, ఆ కాగితం లాయరు చేతికి చేర్చడం. ఆమె ప్రజాసేవ మొదలైంది ఇలాంటి పనితో. అప్పటికి ఆమెకు ఏ పదవీ లేదు.

ఇక మన పెద్దోళ్లు, సీనియర్లు చెప్పే మాటకు వద్దాం. ముందు ఉద్యోగం, తర్వాత సేవ. వినడానికి బాగుంటుంది. మా ఇళ్లల్లో డిగ్రీ గడప తొక్కింది మేమే మొదలు. ఇంటి ఆకలి మాకు తెలుసు, ఉద్యోగం వద్దనే పొగరు మాకు లేదు. కానీ ఆ "తర్వాత" ఎప్పుడొస్తుంది? ఉద్యోగం వచ్చాక ఇల్లు, ఇల్లయ్యాక టౌన్‌లో ప్లాటు, ప్లాటయ్యాక పిల్లల ఫీజులు. రిటైరయ్యాక ఆదివాసీ దినోత్సవం నాడు స్టేజీ మీద కూర్చుని జాతి కోసం ఏదైనా చెయ్యాలి అని మైకులో చెప్పడం. "తర్వాత" అంటే అదేనా?

బాస్టియన్ కూడా చదువుకుంది, ఉద్యోగమూ చేసింది. ఫ్లోరిడా ఇంటర్నేషనల్ యూనివర్సిటీలో సోషల్ వర్క్ చదివింది. మయామిలోని జాక్సన్ మెమోరియల్ అనే పెద్ద ప్రభుత్వ ఆసుపత్రిలో ఏళ్ల తరబడి సోషల్ వర్కరుగా పని చేసింది. ఆ ఉద్యోగం చేస్తుండగానే 1991లో మరికొందరు ఆడవాళ్లతో కలిసి సంఘం పెట్టింది. చదువుకున్న చదువు, జీతం తెచ్చే ఉద్యోగం, జాతి కోసం పని, మూడూ ఒకే దారిలో నడిచాయి. ఒకటయ్యాక ఒకటి అని వాయిదా వెయ్యలేదు. మనలో ఎంతమందిమి కోర్సు ఎంచుకునేటప్పుడు, ఈ చదువు మా గూడేనికి ఎందుకు పనికొస్తది అని అడిగాం? ఆ ప్రశ్న మమ్మల్ని ఏ కౌన్సెలింగులోనూ ఎవరూ అడగలేదు.

ఆ సంఘానికి అప్పుడు పెట్టిన పేరు చూడండి. ఫాన్మ్ ఆయిస్యెన్ నాన్ మియామి. హైతీ క్రియోల్ భాషలో మయామిలోని హైతీ ఆడవాళ్లు అని అర్థం. క్రియోల్ అంటే హైతీలో కూడా చదువుకున్నోళ్లు చిన్నచూపు చూసిన భాష. ఆఫీసుల్లో, కోర్టుల్లో ఫ్రెంచే నడిచేది. క్రియోల్‌కు ఆ దేశ రాజ్యాంగంలో అధికార భాష హోదా వచ్చిందే 1987లో. అలాంటి భాషలో అమెరికాలో సంఘానికి పేరు పెట్టారు. ఇవాళ మయామి-డేడ్ ఓటు కాగితం మీద ఇంగ్లీషు, స్పానిష్ పక్కన క్రియోల్ కూడా ఉంటుంది. మరి మనం? హాస్టల్ గదిలో ఇంటి నుంచి ఫోనొస్తే కోయ మాట్లాడటానికి, గోండి మాట్లాడటానికి వరండా చివరికి పోయే పిల్లలున్నారు. వాళ్లది తప్పని మేం అనం. నవ్వే వాళ్లది తప్పు. కానీ పెద్దాసుపత్రిలో మన అవ్వ తన నొప్పి ఏంటో చెప్పలేక గోడకానుకుని కూర్చుంటే, పక్కన నిలబడి తెలుగులో చెప్పాల్సింది ఆ భాష వచ్చినోళ్లే. ఆ పనికి అపాయింట్‌మెంట్ ఆర్డరు అక్కర్లేదు.

ఆ సంఘం చేసిందేంటి? వలస కాగితాలు నింపడం, ఇంట్లో దెబ్బలు తినే ఆడవాళ్లకు అండగా నిలబడటం, బడి అయ్యాక పిల్లలకు చదువు చెప్పడం, ఓటు నమోదు. ఫొటోకు పనికిరాని పనులు. పెద్ద పోరాటం వచ్చినప్పుడు జనం కదిలింది ఈ చిన్న పనుల వల్లే. 1997లో అమెరికా పార్లమెంటు నికరాగ్వా, క్యూబా వాళ్లకు ఊరటనిచ్చే చట్టం చేసి హైతీయుల్ని వదిలేసింది. హైతీ జనం, వాళ్ల సంఘాలు ఊరుకోలేదు. మరుసటి ఏడాది 1998లో హైతీ శరణార్థుల కోసం వేరే చట్టం వచ్చింది. 2010 జనవరి 12న హైతీలో భూకంపం వచ్చాక అమెరికాలో ఉన్న హైతీయులకు తాత్కాలిక రక్షణ హోదా దొరికింది. 2017లో ట్రంప్ ప్రభుత్వం దాన్ని రద్దు చేస్తామంటే కోర్టుకెక్కిన వాళ్లలో బాస్టియన్ సంఘం కూడా ఒక వాది. 2019 ఏప్రిల్లో న్యూయార్క్‌లో ఫెడరల్ జడ్జి ఆ రద్దును ఆపాడు. అప్పటికీ ఆమెకు ఏ పదవీ లేదు. గుర్తుపెట్టుకోండి.

భూమి సంగతి కూడా వినండి, ఇది మనకు బాగా అర్థమవుతుంది. మయామిలో హైతీ జనం కట్టుకున్న పేట పేరు లిటిల్ హైతీ. సముద్రం ఒడ్డున డబ్బున్నోళ్లు, లోపల మిట్ట మీద పేదోళ్లు. ఇప్పుడు సముద్రం పైకొస్తోంది, మిట్ట నేలకు గిరాకీ వచ్చింది. 2019లో మ్యాజిక్ సిటీ అనే భారీ ప్రాజెక్టుకు నగర కమిషన్ ఒప్పుకుంది. పేటకు 3.1 కోట్ల డాలర్లు ఇస్తామన్నారు. అద్దెలు పెరిగి మనుషులు వెళ్లిపోయాక ఆ డబ్బు ఎవరికి అని బాస్టియన్ లాంటోళ్లు కొట్లాడారు. ప్రాజెక్టు ఆగలేదు. మన ఏజెన్సీలో 1/70 చట్టం ఉంది, పీసా గ్రామసభ ఉంది, 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. లిటిల్ హైతీ జనానికి అలాంటి కంచె ఒక్కటీ లేదు. కంచె లేనోళ్లు అంత కొట్లాడితే, కంచె ఉన్న మనం గ్రామసభ తీర్మానం పుస్తకం ఎవరి దగ్గరుందో కూడా అడగం.

కొందరంటారు, అది అమెరికా, అక్కడ డబ్బులొస్తాయి, కోర్టులు వింటాయి, ఇక్కడ కుదరదని. అక్కడి కోర్టులు ఊరికే వినలేదు. క్రోమ్‌లో ఉన్న మనుషుల కథల్ని ఒక్కొక్కటిగా రాసి పెట్టినోళ్లుంటేనే విన్నాయి. ఇంకొందరంటారు, ఇదంతా రాజకీయాల కోసమేనని. అలాగే అనుకుందాం. ఆమె 2010లో అమెరికా పార్లమెంటుకు పోటీ చేసి పార్టీ ప్రైమరీలోనే ఓడింది. కుర్చీ కోసమే వచ్చిన మనిషైతే అప్పుడే జెండా చుట్టేసేది. ఓడాక 12 ఏళ్లు అదే పని చేసి గెలిచింది. గెలిచాక కూడా ఆమెది 13లో ఒక్క ఓటు. 2025లో ట్రంప్ ప్రభుత్వం ఆ రక్షణ హోదా మీద మళ్లీ కత్తి పెట్టింది, ఆ జనం మళ్లీ కోర్టుకెళ్లారు. కౌంటీ కుర్చీ ఆ కత్తిని ఆపలేదు. ఒక్క మనిషి పైకెళ్తే జాతి మొత్తం పైకెళ్లినట్టే అని దండలు వేసేవాళ్లు దీనికేమంటారు?

మనకు రిజర్వుడు సీట్లున్నాయి. ఎమ్మెల్యేలున్నారు, ఎంపీలున్నారు, ఆఫీసర్లున్నారు. పైకెళ్లిన మనుషులకు మనకు కరువు లేదు. పైకెళ్లకముందు పని చేసిన మనుషులకు కరువు. పని లేకుండా కుర్చీ ఎక్కినోడు ఆ కుర్చీ ఇచ్చినోడికి జవాబు చెప్తాడు. పని చేసి ఎక్కినోడిని పని ఇచ్చిన జనం నిలదీస్తారు. తేడా ఇంతే.

కాబట్టి మా హాస్టల్ పిల్లల తరఫున ఈ గ్రూపుకు రెండు మాటలు. ఒకటి, ఇక నుంచి ఎవరికైనా అభినందన పోస్టు పెడితే ఆ మనిషి జాతి కోసం చేసిన ఒక్క పని, ఊరు పేరుతో, ఏడాదితో రాయండి. రాయడానికి లేకపోతే ఉద్యోగం వచ్చినందుకు శుభాకాంక్షలు అని రాయండి, ఆదర్శం అని రాయొద్దు. రెండు, ఈ సెలవుల్లో ఇళ్లకు పోయేటప్పుడు ప్రతి మండలం నుంచి ఇద్దరం, పోడు పట్టా దరఖాస్తులు ఎవరివి ఎక్కడ ఆగాయో, కుల సర్టిఫికెట్ రాని పిల్లలెవరో, ఆధార్‌లో పేరు తప్పై పెన్షన్ ఆగిన ముసలోళ్లెవరో నోటుబుక్కులో రాసుకొద్దాం. వచ్చాక ఒక ఆదివారం కూర్చుని ఆ కాగితాలు నింపుదాం. మా హాస్టల్ నుంచి పేర్లు ఇస్తున్నాం. కింద మీ మండలం పేరు రాయండి. దండం బొమ్మ వద్దు, మండలం పేరు చాలు.

జోహార్. జై ఆదివాసీ.