ఏరు ఒకటే, ప్రణాళికా ఒకటే కావాలి

మైలవరం వైపు పల్లెల నుంచి విజయవాడ పేటల మీదుగా కొల్లేటి లంకల దాకా, ఉప్పుటేరు గట్ల దాకా బుడమేరు నీళ్లు పారే ఒకే దారిలో బతుకుతున్నవాళ్లం మేము. 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడలోని సింగ్ నగర్ మునిగినప్పుడు ఆ దారి ఎంత పొడవుందో అందరికీ తెలిసింది. వెలగలేరు నుంచి బుడమేరు నీటిని కృష్ణలోకి మళ్లించే కాలువకు గండ్లు పడ్డాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ పదకొండు లక్షల క్యూసెక్కులు దాటి పారుతోంది. నది నిండుగా ఉన్నప్పుడు మళ్లించిన నీళ్లు అందులో కలవవు, వెనక్కి ఎగదన్నుతాయి. ఇక మిగిలిన దారి కొల్లేరు. అక్కడి నుంచి సముద్రానికి ఉప్పుటేరు ఒక్కటే.

అందుకే ముంపు ప్రణాళిక మండలం పొలిమేర దగ్గర ఆగకూడదంటున్నాం. పై ఊరు కట్ట ఎత్తు పెంచుకుంటే ఆ నీళ్లు ఎదుటి గట్టు మీదికో, కింది ఊరి మీదికో పోతాయి. కట్ట ఎత్తినా, కల్వర్టు కట్టినా, చెరువు తవ్వినా ముందు కింది ఊళ్ల గ్రామసభల్లో చర్చ జరగాలి.

ఏటి ఒడ్డున గుడిసె వేసుకున్న కూలీని దోషిగా నిలబెట్టి, ఏటిని పూడ్చి వెంచర్లు వేసినవాళ్లను వదిలేస్తే ఒప్పుకోం. వేరే చోటు చూపించకుండా పేదల ఇల్లు కదపకూడదు. 2006లో కొల్లేటిలో అక్రమ చేపల చెరువుల గట్లు కొట్టేశారు. నీటికి దారి కావాల్సిందే, ఆ చెరువుల మీద కూలికి పోయే లంకవాసులకు బతుకుదెరువూ కావాల్సిందే. రెండూ ఒకే కాగితం మీదికి రావాలి.

వెలగలేరులో బుడమేరు రెగ్యులేటర్ గేట్లు ఎత్తి నీళ్లు కిందికి వదిలితే ఆ కబురు వీధివీధికీ మైకులో చేరాలి. ఫోన్ సందేశాన్ని నమ్ముకోలేం, వరద రాత్రి ముందు పోయేది కరెంటే. మంచం పట్టినవాళ్లు, నెలలు నిండినవాళ్లు, డయాలసిస్‌కు వెళ్లేవాళ్లు ఎవరో, వాళ్లను ఎవరు మోసుకెళ్తారో వీధివారీగా రాసిపెడతాం. ఆ జాబితా ఆశా కార్యకర్త దగ్గరా, మోసేవాళ్ల దగ్గరా ఉంటుంది, గోడకు అంటించం. కొల్లేటి పడవలవాళ్లతో ముందే మాట్లాడుకుంటాం: ఏ పడవ ఏ పేటకు, కూలి ఎంత, ఎవరిస్తారు. పశువులను ఏ మెరకకు తోలాలో కూడా ముందే తేల్చుకుంటాం.

ఏటా మే నెలలోనే, వానలకు ముందు, ఉప్పుటేరులో గుర్రపు డెక్క తీశారో లేదో మా మనుషులు వెళ్లి చూసొస్తారు. 2005 విపత్తు నిర్వహణ చట్టం జిల్లాకో ప్రణాళిక ఉండాలంటోంది. కానీ ఈ నీళ్లు దాటేవి ఎన్టీఆర్, కృష్ణా, ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లాలు. నలుగురు కలెక్టర్లూ మా ఊళ్ల ప్రతినిధుల ఎదుట ఒకే ముంపు పటం మీద సంతకం పెట్టాలి. ఆ పటం ప్రతి పంచాయతీ ఆఫీసులోనూ ఉండాలి.