ముందు బ్రేకు

ఎంసెట్‌లో మంచి ర్యాంకు వస్తే బండి కొనిపెడతానని మా బావగారు కొడుకు దగ్గర నోరు జారారు. (పరీక్ష పేరు ఎన్నిసార్లు మార్చినా మా ఇంట్లో అది ఎంసెట్టే.) ర్యాంకు ఓ మోస్తరుగా వచ్చింది, బండి మాత్రం కొనక తప్పలేదు. బేరమాడ్డానికి పెద్దమనిషి పక్కనుంటే మంచిదని మా అక్క నన్ను షోరూముకు తోలింది.

మేనల్లుడి కళ్లు తిన్నగా 200 సీసీ బండి మీద వాలాయి. సేల్స్ కుర్రాడు కూడా అందుకున్నాడు. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాకా బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగిందనీ, ఈ ధర మళ్లీ రాదనీ వల్లించాడు. మావాడు ఎక్కి కూర్చున్నాడు. మడమలు గాల్లో, మునివేళ్లు నేల మీద. "కొంచెం పక్కకి వంచి మళ్లీ నిలబెట్టరా" అన్నాను. ఆ కుర్రాడు చెయ్యి అడ్డం పెట్టకపోతే పక్కనున్న బండి కూడా పడేది.

మొదటి బండి కొనేటప్పుడు మైలేజీ అడుగుతాం, పికప్ అడుగుతాం, కాళ్లు ఆనుతున్నాయో లేదో మాత్రం చూడం. స్ప్లెండర్ బరువు 112 కిలోలు, సీటు ఎత్తు 785 మిల్లీమీటర్లు. క్లాసిక్ 350 బరువు 195 కిలోలు, ఎత్తు 805. ఎత్తులో తేడా రెండు సెంటీమీటర్లే గానీ బరువులో 83 కిలోలు, అంటే నిండు మనిషి. కొత్తగా నేర్చుకునేవాడు బండిని పడేసేది స్పీడులో కాదు. పార్కింగులో, యూ టర్న్ దగ్గర, వాన వెలిసిన బురదలో. అక్కడ ఆదుకునేవి రెండు కాళ్లే.

చివరికి 150 సీసీ తరగతి బండి తీసుకున్నాం. బరువు 150 కిలోలకు కాస్త అటూ ఇటూ, కాళ్లు పూర్తిగా ఆనుతున్నాయి. మావయ్యని ఒప్పించానని వాడి సంబరం. నా లెక్క వేరు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన ప్రతి కొత్త బండికీ ఏబీఎస్ తప్పనిసరి, అంతకు లోపల వాటికి రెండు బ్రేకుల్నీ కలిపే సీబీఎస్ ఉంటే చాలన్నారు. వాడి కాలేజీ హైవే మీద ఉంది. ఆ పాతిక సీసీలు నేను పరుగు కోసం తీసుకోలేదు, ఆగడం కోసం తీసుకున్నాను. వాడికి చెప్పలేదనుకోండి.

ఆంజనేయస్వామి గుడి దగ్గర కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాక మా బావగారు కొడుక్కి మొదటి పాఠం చెప్పారు: "ముందు బ్రేకు ముట్టుకోకు, పల్టీ కొడతావు." మన ఊళ్లలో తండ్రి నుంచి కొడుక్కి వచ్చే ఆస్తుల్లో ఇదొకటి. మా నాన్న నాకూ ఇదే చెప్పాడు. ఇంతకంటే ప్రమాదకరమైన సలహా బండ్ల విషయంలో నేను వినలేదు.

డ్రైవరు బ్రేకు వేస్తే బస్సులో నిలబడ్డవాళ్లంతా ముందుకు తూలతారు కదా, బండి బరువూ అంతే, ముందు చక్రం మీదికి వాలుతుంది. వెనక చక్రం తేలికవుతుంది. తేలికైన చక్రాన్ని ఎంత గట్టిగా తొక్కితే ఏం లాభం? అది తిరగడం మానేసి జారుతుంది, బండి తోక ఊపుతుంది. నేలను గట్టిగా పట్టుకుని బండిని ఆపేది ముందు చక్రమే. వెనక బ్రేకు దానికి తోడు.

మరి ఈ భయం ఎక్కడిది? ఎవరో హ్యాండిలు తిప్పి ఉండగా, ఇసుక మీద, ముందు బ్రేకు ఒక్కసారిగా లాగి పడ్డారు. పడ్డవాడి కథ ఊరంతా తిరిగి నియమమైంది. ఇసుక మీద ఏ బ్రేకయినా పడేస్తుంది. సార్వా కోతల రోజుల్లో ఓసారి రోడ్డు మీద ఆరబోసిన ధాన్యంలోకి పోయి, నాన్న మాట ప్రకారం వెనక బ్రేకే తొక్కాను. మోచేతి మీద మచ్చ ఇప్పటికీ ఉంది. ధాన్యం కనపడగానే స్పీడు తగ్గించుకుని, దాని మీదికి వెళ్లాక హ్యాండిలు తిప్పకుండా, బ్రేకు పట్టకుండా దాటెయ్యాలి. అది నాకు ఎవరూ చెప్పలేదు.

అందుకే ఆదివారాలు తెల్లవారకముందే హైస్కూలు గ్రౌండుకు వెళ్లాం, వాడి బండికి ఎర్రటి ఎల్ కట్టుకుని. మొదటి రోజంతా ఫస్ట్ గేరే, యాక్సిలేటర్ ముట్టుకోకుండా క్లచ్ సగం వదిలి మనిషి నడిచే వేగంతో తిరగడం. విసుగెత్తి, "ఎప్పుడు నడుపుతాను మావయ్యా?" అన్నాడు. రెండో వారం ఇటుక పెట్టాను. ఇరవై స్పీడులో వచ్చి, హ్యాండిలు తిన్నగా ఉంచి, రెండు బ్రేకులూ కలిపి ఇటుక దగ్గర ఆగాలి. ముందు బ్రేకు లాగకూడదు, పిండాలి. నిమ్మకాయ పిండినట్టు మొదట మెల్లగా, తర్వాత గట్టిగా. తర్వాత ముప్ఫై, నలభై. వేగం రెట్టింపైతే బ్రేకు పడ్డాక ఆగే దూరం నాలుగింతలవుతుందని ఫిజిక్సులో వాడికి మార్కులు వచ్చాయట. ఇటుక దాటిపోయినప్పుడే అర్థమైంది.

హెల్మెట్ గురించి ఎక్కువ చెప్పను. కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2022లో రోడ్డు మీద పోయిన 1,68,491 మందిలో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీదివాళ్లు. కొనేటప్పుడు పట్టీ బిగించి, వెనకనుంచి పైకి లాగించి చూడండి. ఊడి వస్తే అది మీ సైజు కాదు. వెనక కూర్చునేవాళ్లకీ ఒకటి కొనండి.

ఇంకొక్క మాట. మావాడికి 18 నిండాయి కాబట్టే నేను షోరూముకు వెళ్లాను. పదో తరగతి పిల్లాడికి తాళంచెవి ఇచ్చి మురిసిపోయే నాన్నలు 2019 సవరణ చట్టం ఒకసారి చదువుకోవాలి. పిల్లాడు నేరం చేస్తే సంరక్షకుడికీ, బండి యజమానికీ మూడేళ్ల దాకా జైలు, 25 వేలు జరిమానా. ఏడాది రిజిస్ట్రేషన్ రద్దు. పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా ఎల్ఎల్ఆర్ కూడా రాదు.

పోయిన వారం మావాడికి లైసెన్సు పరీక్షకు స్లాటు వచ్చింది. ట్రాకు మీద కాలు కింద పెట్టకుండా ఎనిమిది వేశాడు, బ్రేకు ఇన్‌స్పెక్టరు తలూపారు, లైసెన్సు ఖాయమైంది. గేటు దగ్గర నిలబడి అంతా చూశాను. ఆయన పేరులో బ్రేకు ఉంది గానీ, గట్టిగా ఒక్కసారి బ్రేకు వేసి చూపించమని మాత్రం ఎవరినీ అడగలేదు.