అడుగున మిగిలిన 55 రూపాయలు

మొన్న సెలవులకి హాస్టల్ నుంచి వచ్చిన మా అమ్మాయి, బాత్‌రూమ్‌లోంచి బయటికొస్తూనే ఒకటే నవ్వు. అక్కడ స్టీలు గ్లాసులో తలకిందులుగా నిలబెట్టిన లోషన్ సీసా చూసిందట. "అమ్మా, మరీ ఇంత పిసినారితనమా!" అంది. పేపరు చాటునుంచి మా ఆయన కూడా నవ్వారు.

నాకు పౌరుషం వచ్చింది. కత్తెర తెచ్చి ఆ సీసాని అడ్డంగా కోసి, చెంచాతో గోకి గిన్నెలోకి తీసి, వంటింటి త్రాసు మీద పెట్టాను. 46 గ్రాములు! అది 400 మిల్లీలీటర్ల సీసా, ఖరీదు 480 రూపాయలు. అంటే ఇంచుమించు 55 రూపాయల లోషన్. పంపు చేతులెత్తేసి అప్పటికే వారమైంది. ఇంకెవరైనా అయితే ఎప్పుడో చెత్తబుట్టలో పడేసేవారే. అప్పుడు ఇంట్లో ఎవరూ నవ్వలేదు.

అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ అనే పత్రికవాళ్ళు ఇలాగే కొలిస్తే, కొన్ని లోషన్ సీసాల్లో నాలుగో వంతు దాకా మిగిలిపోయిందట. కాబట్టి ఇది నా ఒక్కదాని బాధ కాదు.

అసలెందుకు మిగులుతుంది? పంపు కింద ఒక సన్నటి గొట్టం ఉంటుంది. మనం నొక్కి వదిలినప్పుడు లోపలి స్ప్రింగు పైకి లేస్తూ ఆ గొట్టంలోంచి లోషన్ని లాగుతుంది. నీళ్ళలాంటిదైతే చివరిదాకా వస్తుంది. చిక్కటిది గోడలకి అంటుకుని కిందికి జారదు. గొట్టం మూతి దగ్గర గుంట పడి, లోషన్ బదులు గాలి వస్తుంది. పైగా చాలా సీసాల అడుగు మధ్యలో ఉబ్బెత్తుగా ఉంటుంది. సరుకంతా అంచుల్లోకి చేరితే గొట్టానికి ఎలా అందుతుంది?

మా అత్తయ్యగారు ఆవకాయ కలిపిన రోజు గుర్తొస్తోంది నాకు. జాడీకెత్తాక ఆ బేసిన్లోనే వేడి వేడి అన్నం, నూనె వేసి కలిపి అందరికీ తలో ముద్దా పెట్టేవారు. దాన్ని పిసినారితనమని ఎవరూ అనలేదు, పోటీపడి తిన్నాం. ఆ బేసినుకీ, జాడీకీ చెయ్యి పట్టేంత మూతి ఉంటుంది. చివరిదాకా తీసుకోవడానికి వీలైన పాత్రలవి. మరి ఈ సీసాకి కత్తెర కావాల్సి వచ్చిందంటే తప్పు నాదా, సీసాదా?

మార్గాలు లేక కాదు. అడుగుని గరాటులా వాలుగా చేసి, గొట్టం చివర సరిగ్గా అక్కడికే చేరేలా పెట్టొచ్చు. ఎయిర్‌లెస్ పంపులని ఉన్నాయి. వాటిలో గొట్టమే ఉండదు, సరుకు తగ్గేకొద్దీ లోపల అడుగున ఉన్న బిళ్ళ పైకి జరుగుతుంది. ఖరీదైన ముఖం క్రీములకి అవే వాడుతున్నారు. అమెరికాలోని ఎంఐటీలో కృపా వారణాసి అనే ప్రొఫెసరు, ఆయన విద్యార్థులు కలిసి సీసా లోపల జారుడు పూత పూసి, కెచప్ గోడలకి అంటుకోకుండా జారిపోయేలా 2012లోనే చూపించారు.

ఎయిర్‌లెస్ సీసాలకి ఖర్చెక్కువ, నిజమే. కానీ మూత తేలిగ్గా ఊడొచ్చి, చెంచా పట్టేంత మూతి ఉన్న సీసాకి పెద్ద శాస్త్రం ఏం కావాలి? మిగిలిపోయినదాని వల్ల మనం తొందరగా ఇంకో సీసా కొంటాం కదా, ఇక కంపెనీకి తొందరేముంటుంది? సీసా మీద లోపలెంత ఉందో రాయాలని మన దేశంలో నిబంధన ఉంది. ఆ అంకెలో చేతికి వచ్చేదెంతో మాత్రం మనమే కోసి చూసుకోవాలి.

అందుకే నేననేది, పొదుపుని ఆడవాళ్ళ చాదస్తంగా చూడడం ఇక మానాలి. సీసా తయారుచేసేవాళ్ళు చెయ్యాల్సిన పనిని, మనం బాత్‌రూమ్‌లో గ్లాసులూ కత్తెరలూ పెట్టుకుని చేస్తున్నాం.

మీరూ ఒకసారి కోసి తూచి చూడండి. ప్రతి సీసా మీదా ఫిర్యాదులకి ఫోన్ నంబరు ఉంటుంది. ఎన్ని గ్రాములు మిగిలిందో ఫోన్ చేసి చెప్పండి. పదిమంది చెబితే వినకపోవచ్చు, పదివేలమంది చెబితే వినక తప్పదు. ఇంకో మాట. హ్యాండ్‌వాష్ అడుగున కాసిని నీళ్ళు పోసి కడిగి వెంటనే వాడేసుకోవచ్చు కానీ, లోషన్‌లో మాత్రం నీళ్ళు కలిపి దాచకండి, పాడవుతుంది. కోసి తీసిందాన్ని శుభ్రమైన పొడి డబ్బాలో పెట్టుకుని త్వరగా వాడెయ్యండి.

నా 46 గ్రాములూ అలాగే డబ్బాలో పెట్టాను. హాస్టల్‌కి వెళ్తూ మా అమ్మాయి అది అడిగి మరీ పట్టుకెళ్ళింది.