కలిపిన గడుల్లో తెగే లెక్కలు

"గడులు మెర్జ్ చేస్తే షీటు నీటుగా ఉంటుంది. మ్యాక్రో ఆగిపోయిందంటే అది రాసినవాడికి పని రాదన్నమాట." ఎక్సెల్‌లో లెక్కలు రాసే చోటల్లా ఈ మాటే చెల్లుతోంది. కోలారు మండీల్లో, బంగారుపేట దుకాణాల్లో, మారికుప్పంలో రోజూ రైలెక్కే మా కేజీఎఫ్ పిల్లలు పనిచేసే బెంగళూరు ఆఫీసుల్లో ఇదే తీర్పు. ఈ తీర్పులో రెండు మాటలూ తప్పే. లెక్క రాసే షీటులో గడులు కలపడమే దోషం. దాని ఫలితానికి గుమాస్తాని నిందించడం అన్యాయం.

మూడు గడులు కలిపితే కంటికి ఒకటే పెద్ద గడి. ఎక్సెల్‌కి మాత్రం అవి మూడూ ఎక్కడివక్కడే ఉంటాయి. విలువ ఎడమవైపు పై గడిలోనే నిలుస్తుంది, తక్కినవి ఖాళీ. కలపకముందు వాటిలో ఏమైనా రాసి ఉంటే అది పోతుంది. చేత్తో కలిపితే ఎక్సెల్ ముందుగా హెచ్చరిస్తుంది. మ్యాక్రోలో డిస్‌ప్లే అలర్ట్స్ ఆపేసి కలిపితే ఆ హెచ్చరిక కూడా రాదు.

దీనివల్ల ఎవరి డబ్బు పోతుందో చూడాలంటే టమాటా లెక్క చాలు. ఆసియాలోని పెద్ద టమాటా మార్కెట్లలో కోలారు ఒకటి. పదిహేను కిలోల బాక్సుల్లో సరుకు వస్తుంది, వేలంలో లాటు లాటుకీ ధర మారుతుంది. ఒక రైతు సరుకు మూడు లాట్లుగా అమ్ముడుపోయిందనుకోండి: 40 బాక్సులు 300 రూపాయల చొప్పున, 25 బాక్సులు 220 చొప్పున, 10 బాక్సులు 120 చొప్పున. మొత్తం 18,700 రూపాయలు. గుమాస్తా మూడు వరుసలు రాశాడు. పేరు మూడుసార్లు కనిపిస్తే బాగుండదని ఆ మూడు గడులూ కలిపారు. ఇప్పుడు పేరునిబట్టి మొత్తం తీసే సమ్‌ఇఫ్ 12,000 అని చూపిస్తుంది. రెండో లాటుకీ మూడో లాటుకీ పక్కన పేరే లేదు కాబట్టి 6,700 రూపాయలు లెక్కలోకి రావు. ఆ పేరు మీద ఫిల్టర్ పెట్టినా మొదటి లాటు ఒక్కటే కనిపిస్తుంది. ఎర్ర గుర్తు రాదు, ఎర్రర్ రాదు. ఆగిపోయిన మ్యాక్రోని అందరూ తిడతారు గానీ, ఆగకుండా తప్పు మొత్తం ఇచ్చే మ్యాక్రో దానికంటే ఎన్నో రెట్లు ప్రమాదం. ఆగితే ఎవరో ఒకరు వెతుకుతారు. తప్పు మొత్తం అమ్మకం పట్టీ మీదకెక్కి రైతు చేతికి పోతుంది.

అక్కడితో అయిపోదు. ఒక రైతుకి మూడు లాట్లు, ఇంకొకరికి అయిదు ఉంటే షీటుని సార్ట్ చేయలేం. కలిపిన గడులన్నీ ఒకే సైజులో ఉండాలని ఎక్సెల్ మొరాయిస్తుంది. శీర్షిక కోసం పై వరుసలో ఎ నుంచి ఎఫ్ దాకా కలిపి ఉంటే, మ్యాక్రోలో బి కాలమ్‌ని సెలెక్ట్ చేయమన్నప్పుడు సెలెక్షన్ ఆరు కాలమ్‌లకీ పాకుతుంది. తరువాతి లైనులో సెలెక్షన్‌ని డిలీట్ చేయమని ఉంటే ఆరూ పోతాయి.

"మెర్జ్‌ఏరియా ఉందిగా, దాంతో పై గడి విలువ తెచ్చుకోవచ్చుగా" అనేవాళ్ళున్నారు. తెచ్చుకోవచ్చు, నిజమే. కానీ అది మ్యాక్రోకే తెలుస్తుంది. ఫార్ములాకి తెలియదు, పివట్ టేబుల్‌కి తెలియదు, సీఎస్‌వీగా సేవ్ చేస్తే ఆ ఫైలుకి అసలే తెలియదు. మ్యాక్రోలోనూ చిక్కుంది. కొన్ని కలిసి, కొన్ని విడిగా ఉన్న రేంజిని మెర్జ్‌సెల్స్‌తో పరీక్షిస్తే అవుననీ కాదనీ కాక నల్ వస్తుంది. ఇఫ్ దాన్ని కాదన్నట్టే తీసుకుని ముందుకు పోతుంది. ఒకరి అలంకారం కోసం ప్రతి మ్యాక్రోలోనూ ఇన్ని కాపలాలు పెట్టమనడం ఏం న్యాయం?

మన జిల్లా చరిత్రలోనే ఇంకో పాఠం ఉంది. 2007కి ముందు కోలారు జిల్లాలో 11 తాలూకాలు. వాటిని ఇంగ్లీషు అక్షరక్రమంలో రాసి, పక్కన "కోలారు" అని 11 గడులు కలిపిన షీటు ఒకటుందనుకోండి. ఆ ఏడాది ఆరు తాలూకాలతో చిక్కబళ్ళాపురం జిల్లా ఏర్పడింది. షీటు సరిచేద్దామని గడులు విడదీస్తే "కోలారు" మొదటి వరుసలోనే మిగులుతుంది. ఆ వరుస బాగేపల్లిది. కోలారు నుంచి వెళ్ళిపోయిన తాలూకా మీదే కోలారు పేరు, కోలారులోనే ఉన్న మాలూరు, ముళబాగిలు పక్కన ఖాళీ. ఆ తరువాత బంగారుపేట నుంచి విడిపోయి కేజీఎఫ్ కూడా తాలూకా అయింది. సరిహద్దులు మారుతూనే ఉంటాయి. ప్రతి వరుసా తన జిల్లా పేరు తానే మోస్తుంటే మార్పు పది నిమిషాల పని.

అందంగా ఉండాలన్న కోరికని నేను కాదనను. పైవాళ్ళు చూసే కాగితం చదవడానికి హాయిగా ఉండాల్సిందే. దానికి మెర్జ్ అక్కర్లేదు. శీర్షిక మధ్యకి రావాలంటే ఫార్మాట్ సెల్స్‌లోని అలైన్‌మెంట్‌లో సెంటర్ ఎక్రాస్ సెలెక్షన్ ఉంది. చూపు అదే, గడులు మాత్రం విడివిడిగానే ఉంటాయి. నిలువునా పేరు ఒక్కసారే కనబడాలంటే, పై వరుసలో ఉన్న రైతు పేరే మళ్ళీ వచ్చినప్పుడు దాన్ని తెల్ల రంగులోకి మార్చే కండిషనల్ ఫార్మాటింగ్ పెట్టండి. కంటికి ఒకసారే, లెక్కకి ప్రతిసారీ. ఇప్పటికే కలిపేసిన షీటు ఉంటే గడులు విడదీసి, ఎఫ్5 నొక్కి స్పెషల్‌లో బ్లాంక్స్ ఎంచుకుని, ఈక్వల్స్ కొట్టి పై గడిని చూపి, కంట్రోల్ ఎంటర్ నొక్కితే ఖాళీలన్నీ నిండుతాయి. వాటిని విలువలుగా పేస్ట్ చేస్తే పని పూర్తి.

2001లో బంగారు గనులు మూతపడ్డాక మా ఊరి పిల్లలెందరో బతుకు కోసం బెంగళూరు రైలు పట్టారు. కంప్యూటర్ ముందు కూర్చునే ప్రతి కొత్త గుమాస్తా మొదట నేర్చుకునేది మెర్జ్ అండ్ సెంటర్, మొదట పడే మాట "నీ మ్యాక్రో పనిచేయలేదు". ఆ మాట అనే ముందు యజమానులూ అధికారులూ షీటు తెరిచి చూడాలి. డేటా షీటులో గడులు కలపకూడదని మండీలోనూ ఆఫీసులోనూ రాతపూర్వకంగా నియమం పెట్టాలి. నేర్పే కంప్యూటర్ సెంటర్లు ఆ బటన్‌తో పాటు దాని నష్టాన్నీ మొదటి పాఠంలోనే చెప్పాలి. రైతుకి రావలసిన డబ్బు పూర్తిగా వచ్చిందని రుజువు చేయగలిగిన షీటే నీటైన షీటు.